వెనుక చూపు, వెనుక వెలుగు

మిరపకోతలు మొదలైతే మన గుంటూరు, ప్రకాశం వైపు రోడ్ల మీద ఏ బళ్లు ఎక్కువగా కనిపిస్తాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు ప్రాంతాల నుంచి టిక్కీలు ఎత్తుకొని గుంటూరు మిర్చి యార్డుకు పోయే ట్రాక్టర్లు బారులు తీరుతాయి. అంతకు ముందు పత్తి బోరేల వంతు. తెల్లవారేసరికి యార్డు చేరాలని చాలా బళ్లు రాత్రిపూటే బయలుదేరతాయి. ఆ దారిలోనే లారీలూ, బస్సులూ, కార్లూ పరుగెత్తుతుంటాయి.

పూర్వం రాత్రి ప్రయాణం చేసే రెండెడ్ల బండికి ఇరుసు కింద ఒక లాంతరు వేలాడేది. బండివాడికి దారి చూపడానికి ఆ వెలుగు చాలదు. బండి ఉన్నదని ఎదుటివారికీ, వెనుకవారికీ తెలియజేయడమే దాని పని. ట్రాక్టరు వెనుక తగిలించే ట్రక్కుకు ఈనాడు ఆ లాంతరు స్థానంలో ఏముండాలి? వెనుక వచ్చేవారు డ్రైవరుకు కనిపించాలంటే ఏముండాలి? మీ పాఠ్యపుస్తకంలోని కాంతి, విద్యుత్తు పాఠాలతోనే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవచ్చు.

ముందుగా ఒక లెక్క

ట్రాక్టరు గంటకు 20 కి.మీ. వేగంతో పోతున్నదనుకుందాం. వెనుక నుంచి ఒక కారు 80 కి.మీ. వేగంతో వస్తున్నది. రెండింటి మధ్య సాపేక్ష వేగం 60 కి.మీ.; అంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. మధ్యనున్న దూరం 100 మీటర్లయితే అది 6 సెకన్లలో కరిగిపోతుంది.

కారు డ్రైవరు ట్రాక్టరును చూసి, బ్రేకు మీద కాలు వేసేందుకు కనీసం ఒక సెకను పడుతుంది. నిద్రమత్తులో ఉంటే రెండు సెకన్లు కూడా పట్టవచ్చు. పొడిగా ఉన్న తారురోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకోండి. కారు వేగం కూడా 20 కి.మీ.కు దిగేలోగా రెండు బళ్ల మధ్య దూరం సుమారు 37 మీటర్లు తగ్గుతుంది.

ఇక టైరు పంక్చరై ట్రక్కు రోడ్డు మీదే ఆగిపోయిందనుకోండి. అప్పుడు కారు పూర్తిగా ఆగడానికి 57 మీటర్లు కావాలి. గోనెసంచులు, తుప్పుపట్టిన ఇనుము, మసిబారిన టార్పాలిను తమ మీద పడిన కాంతిని కొంతే వెనక్కి పంపుతాయి. దానినీ నలుదిక్కులా వెదజల్లుతాయి. డిమ్ లైటులో అలాంటి వస్తువు 40 మీటర్ల లోపుకు వస్తేగాని తెలియకపోవచ్చు. ఆ దూరంలో చూసిన డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు వేసినా, కారు ఇంకా 50 కి.మీ.కు పైబడిన వేగంతో ట్రక్కును గుద్దుతుంది. ఇందులో డ్రైవరు నైపుణ్యానికి చోటు లేదు. ఆ 40 మీటర్లను 150 మీటర్లో, 200 మీటర్లో చేయడమే మనం చేయగలిగిన పని.

వచ్చిన దారినే పోయే కాంతి

సైకిలు మడ్‌గార్డు వెనుకనుండే ఎర్ర రిఫ్లెక్టరును దగ్గరగా చూడండి. లోపల సన్నని గళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్క గడి ఒక మూల. గదిలో రెండు గోడలూ నేలా కలిసే చోటు ఎలా ఉంటుందో అలాంటి మూల.

ఆ మూల గొప్పతనం తెలియాలంటే ముందు రెండు అద్దాలతో ప్రారంభిద్దాం. అవి ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. ఒక కిరణం మొదటి అద్దపు తలంతో 30 డిగ్రీల కోణం చేస్తూ తగిలింది. పరావర్తనం చెందాక అది మొదటి దిశ నుంచి 60 డిగ్రీలు మళ్లుతుంది. ఇప్పుడది రెండవ అద్దానికి 60 డిగ్రీల కోణంలో తగిలి, ఇంకా 120 డిగ్రీలు మళ్లుతుంది. మొత్తం 180 డిగ్రీలు. అంటే వచ్చిన దిశకు తిరుగుముఖం పట్టిందన్నమాట. 30కి బదులు 20 గాని, 45 గాని తీసుకొని చూడండి, మొత్తం మారదు. మూడవ తలాన్ని కూడా చేర్చితే పైకీ కిందకీ వాలిన కిరణాలు సైతం వచ్చిన వైపుకే పోతాయి.

కనుక కారు హెడ్‌లైటు నుంచి బయలుదేరిన కాంతి రిఫ్లెక్టరుకు తగిలి, తిరిగి ఆ కారు వైపుకే వస్తుంది. హెడ్‌లైటుకు కాస్త పైన డ్రైవరు కళ్లుంటాయి. అందుకే చిన్న రిఫ్లెక్టరు కూడా నిప్పుకణికలా మెరుస్తూ ఎంతో దూరం నుంచి కనిపిస్తుంది. ఇంగ్లండు దేశస్థుడు పెర్సీ షా 1934లో పేటెంటు తీసుకున్న రోడ్డు దీపాలకు ‘పిల్లికన్ను’ అని పేరు వచ్చింది కూడా ఇందుకే. వాటిలో మూలలకు బదులు గాజు కటకాలు ఇదే పని చేస్తాయి.

ఇదే సూత్రం చంద్రుని మీద కూడా పని చేస్తున్నది. 1969లో అపోలో 11 యాత్రికులు ఇలాంటి గాజు మూలలను 100 పేర్చిన పలకను అక్కడ ఉంచి వచ్చారు. మన శ్రీహరికోట నుంచి బయలుదేరి 2023 ఆగస్టు 23న చంద్రుని మీద దిగిన విక్రమ్ లాండరు మీద కూడా నాసా వారి 8 మూలల చిన్న పరికరం ఉంది. అదే ఏడాది డిసెంబరు 12న చంద్రుని చుట్టూ తిరుగుతున్న నాసా ఉపగ్రహం దానిపైకి లేజరు కాంతిని పంపి, తిరిగి వచ్చిన వెలుగును అందుకున్నది.

రిఫ్లెక్టరుకు బ్యాటరీ అక్కరలేదు. ఇంజను చెడినా, తీగ తెగినా అది పని చేస్తూనే ఉంటుంది. అయితే నల్లరేగడి బురద దాని మీద పూత వేస్తే పనికిరాదు. పైనుంచి వేలాడే గోతం అడ్డమైనా అంతే. అందుచేత ట్రక్కు వెనుక రెండు చివరలా, సరుకు కప్పని చోట బిగించి, బయలుదేరే ముందు తడిగుడ్డతో తుడవాలి. రెండు చివరలా అని ఎందుకన్నామంటే, ఒక్కటే ఉంటే చీకట్లో అది మోటారు సైకిలో, ట్రక్కో తెలియదు. రెండుంటే బండి వెడల్పు తెలుస్తుంది.

ఎరుపే ఎందుకు?

ఎరుపు కాంతి తక్కువగా పరిక్షేపణం చెందుతుంది కనుక దూరం నుంచి కనిపిస్తుందని మీరు చదివి ఉంటారు. గాలి అణువుల వంటి అతి సూక్ష్మ కణాల విషయంలో అది నిజమే. కాని డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కురిసే పొగమంచులోని నీటి బిందువులు కాంతి తరంగాల కంటె చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. మంచులో ఎరుపుకు ప్రత్యేకమైన బలమేమీ లేదు.

ఎరుపుకు అసలు బలం అందరి ఒప్పందం. తెల్లని దీపం కనిపిస్తే బండి ఎదురుగా వస్తున్నదనీ, ఎర్రనిది కనిపిస్తే బండి అదే దిక్కుగా పోతున్నదనీ డ్రైవరు క్షణంలో గ్రహిస్తాడు. అందంగా ఉంటుందని బజారులో కొన్న నీలం దీపాన్నో, తెల్ల దీపాన్నో వెనుక తగిలిస్తే ఈ భాష తారుమారవుతుంది. వెనుక ఎర్ర దీపాలు, ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా చెబుతున్నాయి.

వెనుక దీపానికి తీగ

వెనుక దీపంలో వాడే మామూలు బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. 5 వాట్లది రాత్రంతా వెలుగుతుంది. 21 వాట్లది బ్రేకు వేసినప్పుడు వెలుగుతుంది. బ్యాటరీ 12 వోల్టులది. రెండు పక్కలా బ్రేకు దీపాలు వెలిగితే 42 వాట్లు, ప్రవాహం 3.5 ఆంపియర్లు.

ట్రక్కు చివరి దాకా పోయి రావడానికి 16 మీటర్ల తీగ పట్టిందనుకుందాం. చవకగా వస్తుందని 0.5 చదరపు మి.మీ. మందం గల రాగి తీగ వేస్తే దాని నిరోధం సుమారు 0.54 ఓములు. 3.5 ఆంపియర్లు ప్రవహిస్తే తీగలోనే 1.9 వోల్టులు పోతాయి. బల్బుకు దక్కేది 10 వోల్టులు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజి కంటె ఎంతో వేగంగా పడిపోతుంది కనుక ఇక్కడ కాంతి దాదాపు సగమే మిగులుతుంది. 1.5 చదరపు మి.మీ. తీగ వేస్తే నష్టం మూడవ వంతుకు దిగుతుంది.

రెండవ జాగ్రత్త ఎర్తు. చాలామంది ఒక తీగ మాత్రం లాగి, ప్రవాహం తిరిగి రావడానికి ట్రక్కు ఇనుప చట్రాన్నే నమ్ముకుంటారు. కాని ట్రాక్టరునూ ట్రక్కునూ కలిపేది ఒక హుక్కు, ఒక పిన్ను. వాటి మధ్య గ్రీజు, తుప్పు, దుమ్ము. గుంతలో పడినప్పుడల్లా ఆ స్పర్శ తప్పుతుంది. ఎర్తు సరిగా లేకుంటే బ్రేకు ఫిలమెంటు గుండా వచ్చిన ప్రవాహం పక్క ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. అప్పుడు రెండూ మసకమసకగా వెలిగి, ఏది బ్రేకు దీపమో తెలియకుండా పోతుంది. బ్యాటరీ రుణధ్రువం దాకా వేరే తీగ వేయడమే దీనికి మందు. ఫ్యూజు తప్పనిసరి.

ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు నిక్ హోలోన్యాక్ తయారు చేశాడు. ఫిలమెంటు కాగి పూర్తిగా వెలగడానికి సుమారు 0.2 సెకను పడుతుంది, ఎల్.ఇ.డి.కి ఆ ఆలస్యం లేదు. పైన చెప్పిన సాపేక్ష వేగంతో 0.2 సెకనులో 3 మీటర్లకు పైగా దూరం తగ్గుతుందని గుర్తుంచుకోండి.

డ్రైవరు పక్క అద్దం

1911లో అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెంలో రే హారూన్ అనే ఆయన తన కారుకు అద్దం తగిలించుకొని గెలిచాడు. మిగతా కార్లలో వెనుక చూసి చెప్పడానికి రెండవ మనిషి కూర్చున్నాడు. హారూన్ ఒక్కడే నడిపాడు. అయితే ఇటుకలు పరచిన ఆ బాట మీద అద్దం ఊగిపోయి ఏమీ సరిగా కనిపించలేదని తర్వాత ఆయనే చెప్పాడట! ట్రాక్టరు అద్దానికీ ఇదే జబ్బు. సరుకు వెడల్పును దాటి చూడాలంటే కడ్డీ పొడవుండాలి. పొడవైన సన్నని కడ్డీ ఇంజను అదురుకు తానూ ఊగుతుంది. అందుకే దానికి ఇంకొక ఆసరా కడ్డీ కట్టాలి.

అద్దం ఏ రకానిది? వెడల్పు 15 సెం.మీ., కంటికి దూరం 60 సెం.మీ. అనుకుందాం. సమతల దర్పణంలో 20 మీటర్ల వెనుక 5 మీటర్ల వెడల్పు మాత్రమే కనిపిస్తుంది. నాభ్యంతరం 60 సెం.మీ. గల కుంభాకార దర్పణంలో 10 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. చూపు రెట్టింపయింది. అయితే దానికి మూల్యం ఉంది. 12 మీటర్ల వెనుక ఉన్న కారు ఈ అద్దంలో సగం పరిమాణంలో కనిపించి, 24 మీటర్ల దూరంలో ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. కనుక కుంభాకార దర్పణాన్ని ‘ఎవరైనా ఉన్నారా’ అని చూడటానికి నమ్మండి. ‘ఎంత దూరంలో ఉన్నారు’ అనే లెక్కకు నమ్మకండి.

చేసి చూడండి

1. చీకటి గదిలో సైకిలు రిఫ్లెక్టరును గోడకు ఆనించి పది అడుగుల దూరం నిలబడండి. టార్చిలైటును కంటి పక్కనే పట్టుకొని చూడండి. తర్వాత చేయి బారచాపి చూడండి. రెండింటికీ తేడా ఎందుకు వచ్చింది?

2. రెండు చిన్న అద్దాలను లంబంగా నిలబెట్టి, ఆ మూలలో మీ ముఖం చూసుకోండి. తల అటూ ఇటూ జరిపినా ముక్కు మూలలోనే ఎందుకుంటుంది? కుడికన్ను మూస్తే ఏ కన్ను మూసుకున్నట్టు కనిపిస్తుంది?

3. మీ వీధిలో ఆగివున్న ట్రక్కులను పగటిపూట, పెద్దల అనుమతితో పరిశీలించండి. ఎన్నింటికి రెండు రిఫ్లెక్టర్లున్నాయి? ఎన్నింటి వెనుక దీపాలు వెలుగుతున్నాయి? పట్టిక వేసి మీ సైన్సు మాస్టారికి చూపండి. రిఫ్లెక్టరు లేని బండి యజమాని మీకు తెలిసినవారైతే, పై 57 మీటర్ల లెక్కను కాగితం మీద వేసి చూపించండి. రాత్రిపూట మాత్రం రోడ్డు మీదకు పోవద్దు.