ఓరెన్‌బర్గ్: ఒక నది, ఒక నగరం, కొందరు దాతలు



విరాళం ఇచ్చే సోదర సోదరీమణులు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: "మేమిచ్చిన డబ్బుతో మీరు కట్టేది ఎన్నాళ్ళు నిలుస్తుంది?" న్యాయమైన ప్రశ్న. దీనికి మాటలతో కాకుండా చరిత్రతో జవాబు చెబుదామని ఈ ఏడాది అధ్యయన వ్యాసానికి దూరాన ఉన్న ఒక నగరాన్ని ఎంచుకున్నాము. అది రష్యాలోని ఓరెన్‌బర్గ్. అక్కడి ముస్లిం వ్యాపారులు మసీదులు కట్టారు, మదరసా నడిపారు, పత్రికలు పెట్టారు, వక్ఫ్ రాశారు. వాటిలో ఏది నిలిచింది, ఏది పోయింది అన్నది దాతలందరూ తెలుసుకోదగిన విషయం. ముందు ఆ ఊరిని, ఆ నదిని పరిచయం చేసుకుందాం.

నది

ఓరెన్‌బర్గ్ మాస్కోకు ఆగ్నేయంగా, కజకిస్తాన్ సరిహద్దుకు దగ్గరలో, ఉరల్ నది ఒడ్డున ఉంది. జనాభా సుమారు 5 లక్షల 40 వేలు. ఉరల్ నది పొడవు 2,428 కిలోమీటర్లు. ఐరోపా నదుల్లో వోల్గా, డాన్యూబ్‌ల తర్వాత ఇదే పొడవైనది. ఉరల్ పర్వతాల్లో పుట్టి దక్షిణానికి పారి, ఓర్స్క్ పట్టణం దగ్గర పడమటికి తిరిగి, ఓరెన్‌బర్గ్ మీదుగా సాగి, మళ్ళీ దక్షిణానికి మళ్ళి కజకిస్తాన్‌లో కాస్పియన్ సముద్రంలో కలుస్తుంది.

ఐరోపాకూ ఆసియాకూ ఈ నదినే హద్దుగా చెప్పడం ఆనవాయితీ. నగరంలో నది మీద ఒక నడక వంతెన ఉంది. దాని మీద నాలుగడుగులు వేస్తే ఒక ఖండం నుంచి మరో ఖండానికి చేరినట్టే.

చుట్టూ చెట్లు తక్కువగా ఉండే విశాలమైన గడ్డిమైదానం. దాన్ని స్టెప్పీ అంటారు. చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు పడిపోతుంది, వేసవిలో 40 దాకా పోయే రోజులూ ఉన్నాయి. ఆ చలిని తట్టుకోవడానికి అక్కడి మేకలకు వెంట్రుకల కింద మెత్తని నూగు పెరుగుతుంది. ఆ నూగును దువ్వి తీసి, వడికి, అక్కడి స్త్రీలు శాలువాలు అల్లుతారు. ఉంగరంలోంచి దూర్చి లాగితే బయటికి వచ్చేంత పలుచగా ఉంటాయవి. ఓరెన్‌బర్గ్ పేరు రష్యా అంతటా ఇళ్ళలో వినిపించేది ఈ శాలువాల వల్లనే.

మన నదులకు వరద వానాకాలంలో వస్తుంది. ఉరల్‌కు మాత్రం మంచు కరిగే వసంతంలో వస్తుంది. ఏడాది నీటిలో ఎక్కువ భాగం ఆ కొద్ది వారాల్లోనే పారిపోతుంది. 2024 ఏప్రిల్‌లో ఎగువన ఓర్స్క్ దగ్గర కట్ట తెగింది. వారం తిరగకముందే ఓరెన్‌బర్గ్ దగ్గర నీరు 11 మీటర్లు దాటింది. అక్కడ 9.3 మీటర్లే ప్రమాద స్థాయి. వేలాది ఇళ్ళు మునిగాయి.

మూడుసార్లు పుట్టిన ఊరు

ఈ ఊరిని మొదట కట్టింది ఇప్పుడున్న చోట కాదు. 1735లో ఇవాన్ కిరీలోవ్ అనే అధికారి ఓర్ అనే ఉపనది ఉరల్‌లో కలిసే చోట కోట వేయించాడు. ఓరెన్‌బర్గ్ అన్న పేరు ఆ ఓర్ నది నుంచే వచ్చింది. మధ్య ఆసియాతో, దాని మీదుగా హిందుస్తాన్‌తో వర్తకం సాగాలన్నది కిరీలోవ్ ఆలోచన. కానీ ఆ చోటు దూరం, పైగా వరద ముంపు. 1741లో మరో చోట మొదలుపెట్టారు. అదీ కుదరలేదు. చివరికి 1743లో గవర్నర్ ఇవాన్ నెప్లూయెవ్ ఇప్పుడున్న చోట కట్టించాడు. మొదటి చోటు నేటి ఓర్స్క్ పట్టణం.

అప్పట్లో నది పేరు యాయిక్. 1773లో పుగచోవ్ అనే కొసాక్ నాయకత్వంలో పెద్ద తిరుగుబాటు లేచింది. యాయిక్ కొసాక్కులతో పాటు బష్కీర్ ముస్లింలు కూడా అందులో చేరారు. ఓరెన్‌బర్గ్ కోటను ఆ అక్టోబరు నుంచి 1774 మార్చి దాకా ముట్టడించారు. తిరుగుబాటును అణచివేశాక, దాని జ్ఞాపకమే ఉండకూడదని కాథరిన్ రాణి 1775లో నది పేరునే ఉరల్ అని మార్పించింది. ఆ చరిత్ర రాయడానికి కవి పుష్కిన్ 1833లో స్వయంగా ఈ ఊరికి వచ్చి, ముట్టడిని చూసిన ముసలివాళ్ళను అడిగి తెలుసుకున్నాడు.

బజారూ మసీదూ

నదికి అవతలి ఒడ్డున, అంటే ఆసియా వైపు, ఒక పెద్ద మారకపు బజారు కట్టారు. బుఖారా, ఖీవా నుంచి ఒంటెల బిడారులు పత్తి, నూలు బట్ట, పట్టు తెచ్చేవి. కజక్ పశుపాలకులు గుర్రాలను, గొర్రెలను తోలుకువచ్చేవారు. ఇటు నుంచి బట్టలు, ఇనుప సామాను, తోళ్ళు వెళ్ళేవి.

ఆ వర్తకులలో ఎక్కువమంది ముస్లింలు. వారితో బేరమాడటానికి వారి భాష, వారి పద్ధతులు తెలిసినవాళ్ళు కావాలి. అందుకని 1745లో కజాన్ ప్రాంతపు తాతార్ వర్తకుడు సయీద్ హయాలిన్‌కు, ఆయన వెంట వచ్చే 200 కుటుంబాలకు ఓరెన్‌బర్గ్ దగ్గర స్థిరపడే అనుమతి దొరికింది. మసీదు కట్టుకోవడానికి కూడా ఒప్పుకున్నారు. అదే 1740లలో కజాన్ ప్రాంతంలో ప్రభుత్వమే వందలాది మసీదులు కూల్చివేయించింది. ఒకచోట కూల్చిన చేతులే మరోచోట అనుమతి ఇచ్చాయి. కారణం దయ కాదు, వర్తకం అవసరం. సయీద్ పేరు మీద వెలసిన ఆ ఊరు కార్గాల. దాన్ని గుర్తు పెట్టుకోండి, మన కథలోని దాతలు అక్కడివారే.

నగరంలో నేటికీ కనిపించే గొప్ప కట్టడం కారవాన్‌సరాయి. 1837 నుంచి 1846 వరకు కట్టారు. వాస్తుశిల్పి అలెగ్జాండర్ బ్ర్యుల్లోవ్. బష్కీర్ ప్రజలు విరాళాలు ఇచ్చారు, ఒళ్ళు వంచి పనిచేశారు. మధ్యలో ఎనిమిది ముఖాల మసీదు, పక్కన ఎత్తయిన మినారు.

దాతలు

1877లో ఓరెన్‌బర్గ్‌కు రైలు వచ్చింది. 1906 నాటికి అది తాష్కెంట్ దాకా సాగింది. ఒంటెల బిడారుల కాలం ముగిసింది. ఆ మార్పులో నిలదొక్కుకున్న వర్తకుల్లో కార్గాలకు చెందిన హుసైనొవ్ సోదరులు అహ్మద్, గనీ, మహ్మూద్ ముఖ్యులు. తోళ్ళు, ఉన్ని, పశువుల వ్యాపారంలో సంపాదించారు. సంపాదించిన దానితో మసీదులు కట్టించారు, బడులకు డబ్బిచ్చారు, ఓరెన్‌బర్గ్‌లో హుసైనియా మదరసా నెలకొల్పారు. అక్కడ ధార్మిక విద్యతో పాటు లెక్కలు, భూగోళం, చరిత్ర, రష్యన్ భాష చెప్పేవారు. "మదరసాలో భూగోళమా!" అని అభ్యంతరం చెప్పిన పెద్దలు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. అయినా దాతలు వెనక్కి తగ్గలేదు. 1906లో మరణించిన అహ్మద్ తన ఆస్తిలో పెద్ద భాగాన్ని చదువుల కోసం వక్ఫ్‌గా రాసి వెళ్ళారు.

బంగారు గనుల యజమానులైన రమీయెవ్ సోదరులు షాకిర్, జాకిర్ పత్రికలకు డబ్బు పెట్టారు. 1906లో 'వక్త్' అనే వార్తాపత్రిక, 1908లో 'షూరా' అనే పత్రిక మొదలయ్యాయి. కాలం, సంప్రదింపు. ఈ రెండు మాటలూ మన ఇళ్ళలో రోజూ వినేవే. 'షూరా' సంపాదకుడు రిజాయుద్దీన్ ఫఖ్రుద్దీన్ గొప్ప పండితుడు. తర్వాత రష్యా ముస్లింలకు ముఫ్తీ అయ్యారు. 1926లో మక్కాలో జరిగిన ప్రపంచ ముస్లిం సమావేశానికి ఆయన వెళ్ళారు. మన దేశం నుంచి మౌలానా మహమ్మద్ అలీ, సయ్యద్ సులైమాన్ నద్వీ కూడా ఆ సమావేశానికే వచ్చారు.

ఏది నిలిచింది?

1917లో విప్లవం వచ్చింది. వక్ఫ్ ఆస్తులు ప్రభుత్వపరమయ్యాయి. పత్రికలు మూతబడ్డాయి. హుసైనియా మదరసా ప్రభుత్వ విద్యాసంస్థగా మారింది. తర్వాత మసీదులూ మూతబడ్డాయి. కారవాన్‌సరాయి మసీదులో కొంతకాలం నక్షత్రశాల నడిపారు. నగరం పేరు కూడా మారింది. 1938 నుంచి 1957 వరకు దాన్ని ఒక విమాన చోదకుడి పేరుతో చ్‌కాలొవ్ అన్నారు.

లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే హుసైనొవ్‌లు ఓడిపోయినట్టే. తరతరాలకూ అని రాసిన వక్ఫ్ ఒక తరం కూడా నిలవలేదు.

కానీ ఆ మదరసాకు 1913 ప్రాంతంలో ఒక పేదింటి పిల్లవాడు వచ్చాడు. ఓరెన్‌బర్గ్ ప్రాంతంలోని ముస్తఫినో గ్రామంలో 1906లో పుట్టిన మూసా జలీల్. దాత కన్నుమూసిన ఏడాదే ఆ బాలుడు పుట్టాడు. మదరసాలో చదివి, అది ప్రభుత్వ సంస్థగా మారాక కూడా అక్కడే చదువు సాగించి, తాతార్ భాషలో పెద్ద కవి అయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు చిక్కాడు. బందీగా ఉండి కూడా వారికి వ్యతిరేకంగా రహస్యంగా పనిచేశాడు. బెర్లిన్‌లో మోఆబిత్ జైలులో చిన్న చిన్న పుస్తకాల్లో కవితలు రాసుకున్నాడు. 1944 ఆగస్టు 25న ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. ఆ పుస్తకాల్లో ఒకదాన్ని తోటి ఖైదీ అయిన ఒక బెల్జియం దేశస్థుడు కాపాడి బయటికి చేర్చాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. జలీల్ కమ్యూనిస్టు. మదరసా కట్టించిన దాత కోరుకున్న దారి అది కాకపోవచ్చు. విద్యార్థి ఏ దారిన వెళతాడో దాత శాసించలేడు. ఆయన చేయగలిగింది అక్షరం ఇవ్వడమే. ఆ అక్షరం ముప్పై ఏళ్ళ తర్వాత, మరో దేశపు జైలుగదిలో, ఒక మనిషిని తల వంచకుండా నిలబెట్టింది.

సోవియట్ పాలన ముగిసే కాలంలో మసీదులు తిరిగి తెరుచుకున్నాయి. కారవాన్‌సరాయిలో మళ్ళీ నమాజు జరుగుతోంది. హుసైనియా పేరుతో మళ్ళీ మదరసా వెలిసింది. వక్ఫ్ డబ్బు తిరిగి రాలేదు, పేరు మాత్రం వచ్చింది. డెబ్బయి ఏళ్ళపాటు ఆ పేరును ఏ కాగితమూ కాపాడలేదు. అక్కడ చదివినవాళ్ళు, వాళ్ళ పిల్లలు మరచిపోకపోవడమే కాపాడింది.

సదఖా జారియా గురించి మనం వింటూనే ఉంటాం. పారే పుణ్యం అంటే గోడలు పగలకుండా ఉండటమని అనుకుంటాం. ఓరెన్‌బర్గ్ నేర్పేది వేరు. ఆ నదికి పేరు మారింది, ఒడ్డు మునిగింది, మీదుగా సాగిన బిడారులు ఆగిపోయాయి. నీరు మాత్రం పారుతూనే ఉంది. కాబట్టి దాతలకు మా మనవి ఇది. భవనానికి ఇచ్చేటప్పుడు ఆ భవనంలో చెప్పే గురువు జీతం గురించీ, కూర్చునే పిల్లవాడి పుస్తకాల గురించీ కూడా అడగండి. లెక్క అడగండి, చూపించడం మా బాధ్యత. ఫలితం ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసు.

మన అందరి దానాన్నీ అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.