పొంతన కుదరని పొరలు

మీ ఇంట్లో తెల్లని ఎల్.ఇ.డి. బల్బు వెలుగుతోందా? అందులో నిజంగా వెలిగేవి ఆవగింజంతేసి నీలికాంతి చిప్పులు. వాటిపై పూసిన పొడి ఆ కాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపుగా తోస్తాయి. ఎర్ర ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చింది. ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. కోసం మాత్రం మరో ముప్పై ఏళ్లు ఆగవలసి వచ్చింది. ఎందువల్ల?

ఇందుకు కావలసిన అర్ధవాహకం గాలియం నైట్రైడ్. దాన్ని పెద్ద స్ఫటికంగా తయారు చెయ్యడం చాలా కష్టం. అందుకని మరో స్ఫటికపు బిళ్ల మీద, వాయువుల నుంచి, పలుచని పొరగా పెంచుతారు. కింది పరమాణువుల అమరికను అనుసరిస్తూ పై పొర పెరగాలి. దీన్నే 'ఎపిటాక్సీ' అంటారు. బిళ్లగా నీలమణిని, అంటే అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికాన్ని వాడారు. చిక్కు ఇక్కడే వచ్చింది.

ఒక చిన్న పని చెయ్యండి. కాగితం మీద 21 సెం.మీ. గీత గీసి 7 సమభాగాలు చెయ్యండి. దాని పైన అంతే పొడవున్న మరో గీతను 6 సమభాగాలు చెయ్యండి. చివర్లు కలుస్తాయి కాని, మధ్యలో ఒక్క గుర్తూ ఎదురెదురుగా రాదు! నీలమణి పరమాణువుల ఎడానికీ, గాలియం నైట్రైడ్ ఎడానికీ తేడా సుమారు ఇంతే. దాదాపు 16 శాతం. జత దొరకని వరస దగ్గర స్ఫటికం క్రమం తప్పుతుంది. ఈ లోపమే 'స్థానభ్రంశం'. ఇవి పైదాకా పాకితే విద్యుత్తులో చాలా భాగం వెలుగు కాకుండా వేడిగా వృథా అవుతుంది.

1985లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో అకసాకి, ఆయన విద్యార్థి అమానో దీనికి ఉపాయం కనుగొన్నారు. ముందుగా తక్కువ వేడిలో అల్యూమినియం నైట్రైడ్‌ను అతి పలుచగా పరిచారు. తరువాత 1000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, దానిపై గాలియం నైట్రైడ్‌ను పెంచారు. మధ్య పొరలోని సన్నని రేణువులు అసంఖ్యాకమైన మొలకలుగా పనిచేశాయి. వాటి మీద ఒకే దిశలో లేచిన స్ఫటికాలు పక్కలకు విస్తరించి కలిసిపోయాయి. చాలా లోపాలు అడుగునే ఆగిపోయాయి. పొర గాజులా నున్నగా, పారదర్శకంగా వచ్చింది. 1991లో నకమురా గాలియం నైట్రైడ్‌నే మధ్య పొరగా వాడి చూపించాడు. ఈ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బిళ్ల సిలికాన్ అయితే మరో గండం ఉంది. వేడి పొర చల్లారేటప్పుడు గాలియం నైట్రైడ్ సిలికాన్ కంటే ఎక్కువగా సంకోచిస్తుంది. బండిచక్రానికి కాల్చి తొడిగిన ఇనుప పట్టా చల్లారి బిగిసినట్లు, పొర సాగదీతకు గురై పగుళ్లు వేస్తుంది. దీనికీ మధ్య పొరే మందు. అల్యూమినియం నైట్రైడ్‌లో పరమాణువుల ఎడం కాస్త తక్కువ. దాని మీద పెరిగే గాలియం నైట్రైడ్ ముందే కొంచెం నొక్కుకుని ఉంటుంది. చల్లారాక కలిగే సాగదీత ఈ నొక్కుడుతో చాలావరకు చెల్లిపోతుంది.

ఇప్పుడు చెప్పండి: నీలమణి గాలియం నైట్రైడ్ కంటే ఎక్కువగా సంకోచిస్తుంది. అయితే దాని మీది పొర చల్లారాక సాగుతుందా, నొక్కుకుంటుందా? బండిచక్రాన్ని తలచుకుంటే జవాబు మీకే తడుతుంది.