విండోస్, లినక్స్: పేచీ ఎక్కడ?

00100011 అనే ఈ సంఖ్యను చూడండి. ద్విసంఖ్యామానం నేర్చుకున్నవాళ్ళు దీని విలువ ఇట్టే చెప్పేస్తారు. కుడి చివర నుంచి 1, 2, 4, 8, 16, 32 అని స్థాన విలువలు వేసుకుంటూ పొండి. 1 ఉన్న చోట్లు మూడే: 32, 2, 1. కూడితే 35. పదో తరగతిలో చాలా సబ్జెక్టులకు పాసు మార్కు!

మీ బడి కంప్యూటరులో ఒక ప్రోగ్రాము ఉందనుకుందాం. “మార్కులు 35 కంటె తక్కువైతే ఫెయిలు అనీ, లేకుంటే పాసు అనీ అచ్చువేయి” అన్నది దాని పని. ప్రోగ్రాము రాసేవాడు దీన్ని మనిషి చదవగలిగే భాషలోనే రాస్తాడు. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. కాని కంప్యూటరుకు 0, 1 తప్ప వేరే అక్షరం రాదు. అందుకని కంపైలర్ అనే మరో ప్రోగ్రాము సోర్స్ కోడ్‌ను సున్నాలు, ఒకట్ల వరసగా మార్చి పెడుతుంది. మనకు అంగట్లో దొరికేది సాధారణంగా ఆ వరసే.

ఇప్పుడు ఒక సబ్జెక్టుకు పాసు మార్కును 20 చేశారనుకోండి. సోర్స్ కోడ్ చేతిలో ఉంటే 35ను వెతికి 20 అని దిద్దుతాం. నిమిషం పని. సున్నాలు, ఒకట్లు మాత్రమే ఉంటే? 00100011 అందులో వందల చోట్ల కనిపించవచ్చు. ఒకచోట అది పాసు మార్కు, మరోచోట # గుర్తు, ఇంకోచోట యంత్రానికిచ్చిన ఆజ్ఞలో ఒక ముక్క. ఏది ముట్టుకోవాలి? పొరపాటున వేరేదాన్ని మారిస్తే ప్రోగ్రామే ఆగిపోతుంది. ఇక తయారుచేసిన కంపెనీనే ఆశ్రయించాలి. వాళ్ళు మార్చి ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు.

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ, ఓపెన్ సోర్స్ వారికీ మధ్య నలభై ఏళ్ళు దాటిన పేచీకి మూలం ఇదే. ఒకటి ఖరీదైనది, ఇంకొకటి ఉచితం, అంతే తేడా అనుకుంటారు చాలామంది. ధర రెండో సంగతి.

కంపెనీల వాదనలో పస లేదనుకోకండి. 1976లో ఇరవై ఏళ్ళ బిల్ గేట్స్ కంప్యూటరు ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటరు కోసం అతనూ, మిత్రులూ బేసిక్ భాషను తయారుచేశారు. ఆ కంప్యూటరు కొన్నవారిలో పదోవంతు మంది కూడా బేసిక్‌ను డబ్బిచ్చి కొనలేదనీ, మిగతావారు కాపీలు తీసుకున్నారనీ అతని ఫిర్యాదు. కష్టపడి రాసినవాడికి ప్రతిఫలం వద్దా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇక రెండో వైపు. అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. అక్కడి ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, అచ్చుకోసం ఎదురుచూస్తున్న వారందరికీ కంప్యూటరు కబురు పంపేలా ఆయన ప్రోగ్రామును మార్చాడు. 1980 ప్రాంతంలో జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటరు వచ్చింది. దానిలోనూ కాగితం ఇరుక్కునేది. కాని సోర్స్ కోడ్ రాలేదు. అది ఉన్న మరో విశ్వవిద్యాలయం మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానంటూ నిరాకరించాడు. మరమ్మతు తెలిసిన చెయ్యి ఉంది, మూత తెరుచుకోదు! బోరు మోటారు కాలితే వైండింగు చేయించుకోకుండా మూతకు వెల్డింగు పెట్టినట్టుంది కదూ?

1983లో స్టాల్‌మన్ గ్నూ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేస్తామని ప్రకటించాడు. మన బడిలో ఏ తరగతికి ఏ గది, ఏ గంట అని టైంటేబుల్ వేసినట్టు, జ్ఞాపకశాలనూ, డిస్కునూ, తెరనూ ప్రోగ్రాములన్నిటికీ పంచిపెట్టేదే ఆపరేటింగ్ సిస్టమ్. 1989లో ఆయన జి.పి.ఎల్. అనే లైసెన్సు రాశాడు. నాకు అన్నిటికన్న తమాషాగా తోచేది ఇదే. కాపీ చేయనివ్వకుండా ఆపే కాపీరైటు చట్టాన్నే ఆయన తిరగేశాడు. చదవండి, మార్చండి, పంచండి. కాని మార్చినదాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు దాని సోర్స్ కోడ్ కూడా ఇదే షరతుమీద ఇవ్వాలి. తాళం తయారుచేసే కొలిమిలోనే తాళంచెవి చేసినట్టయింది.

గ్నూకు చాలా భాగాలు సిద్ధమయ్యాయి గాని, కెర్నెల్ కుదరలేదు. కెర్నెల్ అంటే గింజలోని పప్పు, సిస్టమ్‌కు గుండెకాయ. 1991 ఆగస్టు 25న ఫిన్లండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏళ్ళ లైనస్ టోర్వాల్డ్స్, సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్నానని తోటివారికి తెలియజేశాడు. మొదటి లినక్స్ కెర్నెల్ సుమారు 10 వేల పంక్తులు. మరుసటి ఏడు దాన్ని జి.పి.ఎల్. కిందికి తెచ్చాడు. ప్రపంచం నలుమూలల నుంచి దిద్దుబాట్లు వచ్చిపడ్డాయి. 2020 నాటికి అది 2 కోట్ల 70 లక్షల పంక్తులు దాటింది.

మైక్రోసాఫ్ట్ కంపెనీ ఊరుకోలేదు. 1998లో దాని అంతరంగిక పత్రాలు బయటికి పొక్కాయి. ఓపెన్ సోర్స్ నాణ్యతలో వాణిజ్య సాఫ్ట్‌వేర్‌కు తీసిపోదని అందులో వాళ్ళే ఒప్పుకున్నారు. కంప్యూటర్లు పరస్పరం మాట్లాడుకునే ఉమ్మడి నియమాలకు తమ సొంత చేర్పులు చేసి, ఇతరులను వెనక్కి నెట్టవచ్చన్న ఆలోచన కూడా అందులో ఉంది. 2001లో కంపెనీ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సరుతో పోల్చాడు. తాకిన ప్రతిదానికీ జి.పి.ఎల్. షరతు అంటుకుంటుందని ఆయన అభ్యంతరం. ఇది పూర్తిగా నిజం కాదు. లినక్స్‌మీద నడిచే మామూలు ప్రోగ్రాములకు ఆ షరతు వర్తించదు. లినక్స్‌నే, ఉన్నదున్నట్టుగా గాని మార్చి గాని, ఇతరులకు ఇచ్చేవారికే వర్తిస్తుంది.

తర్వాత ఏమయింది? బల్లమీది కంప్యూటర్లలో విండోస్‌దే పైచేయిగా ఉండిపోయింది. మిగతా చోట్ల కథ వేరు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో అన్నీ లినక్స్‌వే. 2016లో మైక్రోసాఫ్ట్ లినక్స్ ఫౌండేషన్‌లో సభ్యురాలైంది. 2020లో విండోస్ లోపలే లినక్స్ కెర్నెల్‌ను పెట్టి ఇచ్చింది! ఔత్సాహికుల లినక్స్ కూడా మారింది. నేడు కెర్నెల్‌కు వచ్చే మార్పుల్లో ఎక్కువభాగం ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ వంటి కంపెనీల జీతగాళ్ళు రాసేవే. ఆ రెడ్ హ్యాట్‌ను 2019లో ఐ.బి.ఎం. 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

మరి పేచీ తీరిందా? ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెలే. సోర్స్ కోడ్ అడిగితే కంపెనీ ఇవ్వాలి. మీరు దాన్ని దిద్ది ఫోనులో పెట్టబోతే? ఫోను మేలుకునేటప్పుడు కెర్నెల్‌మీద తమ సంతకం ఉందో లేదో చూసే తాళాన్ని చాలా కంపెనీలు పెట్టాయి. సంతకం లేకపోతే ఫోను లేవదు. ఇటువంటి తాళాలను అడ్డుకోవాలని 2007లో జి.పి.ఎల్. మూడో కూర్పు వచ్చింది. టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. సోర్స్ కోడ్ తిరిగి ఇస్తే చాలు, పరికరం ఎలా ఉండాలన్నది తయారీదారు ఇష్టం అన్నాడు. లినక్స్ నేటికీ రెండో కూర్పు కిందనే ఉంది. స్టాల్‌మన్ సరేననలేదు. నాకు మాత్రం, డబ్బిచ్చి కొన్న ఫోనుకు తాళంచెవి కొన్నవాడి దగ్గరా ఒకటి ఉంటే బాగుండుననిపిస్తుంది. మీ తరగతిలో వాదించి చూడండి.

ఇంట్లో పెద్దవాళ్ళ ఆండ్రాయిడ్ ఫోను అడిగి తీసుకోండి. సెట్టింగుల్లో ‘ఫోను గురించి’ అన్నచోట వెతికితే కెర్నెల్ వెర్షన్ అని అంకెలు కనిపిస్తాయి. అదే టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ వెర్షన్ సంఖ్య. అక్కడే చట్టపరమైన సమాచారం కింద లైసెన్సుల పట్టిక ఉంటుంది. చాలా పొడవు. అందులో జి.పి.ఎల్. పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.