మనం తినే తిండి – క్యాన్సర్

“డాక్టరుగారూ, మా అమ్మకు ఏం తినడం వల్ల ఈ జబ్బు వచ్చింది?” క్యాన్సర్ అని తేలిన రోజున ఇంటివారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఆ వెంటనే రెండోది వస్తుంది: “ఇప్పుడు ఏం పెడితే తగ్గుతుంది?” ఈ రెండింటికీ సరైన జవాబు తెలియకపోతే ఆరోగ్యంగా ఉన్నవారు అనవసరంగా భయపడతారు, జబ్బుపడినవారు చేయించుకోవలసిన వైద్యం మానుకుంటారు. కనుక ఈ నెల పాఠంలో ఆహారానికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తెలుసుకుందాం.

క్యాన్సర్ ఎలా మొదలవుతుంది?

మన శరీరంలోని కణాలు పాతవి పోయి కొత్తవి పుడుతూ ఉంటాయి. ఒక కణంలోని జన్యువులు దెబ్బతిని, ఆ దెబ్బ బాగుపడకుండా మిగిలిపోతే, ఆ కణం అదుపు లేకుండా పెరగడం మొదలుపెడుతుంది. అది గడ్డగా మారడానికి చాలాసార్లు పది, ఇరవై ఏళ్లు పడుతుంది. అందువల్ల నిన్న తిన్న భోజనం వల్ల క్యాన్సర్ రాదు. ఏళ్ల తరబడి సాగిన అలవాట్లే లెక్కలోకి వస్తాయి. వాటికి వయసు, వంశపారంపర్యం, సూక్ష్మజీవులు కూడా తోడవుతాయి. ఉదాహరణకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముఖ్య కారణం హెచ్.పి.వి. అనే వైరస్. అది తిండి వల్ల వచ్చేది కాదు.

1981లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటో అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని క్యాన్సర్ మరణాలను పరిశీలించి, అందులో సుమారు 35 శాతానికి ఆహారంతో సంబంధం ఉండవచ్చని అంచనా వేశారు. అయితే ఆ అంకె 10 నుండి 70 వరకు ఎంతైనా కావచ్చని వారే రాశారు. ఆహారం ముఖ్యమే గాని, “ఇది తింటే వస్తుంది, అది తింటే రాదు” అని ఎవరికీ హామీ ఇవ్వలేమని దీనివల్ల తెలుస్తుంది.

పీచు పదార్థం

డెనిస్ బర్కిట్ అనే ఐర్లండ్ సర్జన్ ఉగాండాలో చాలా ఏళ్లు పనిచేశారు. ముతక ధాన్యాలు, దుంపలు, చిక్కుళ్లు తినే అక్కడి గ్రామస్థులలో పెద్దప్రేగు క్యాన్సర్ చాలా అరుదు. పాలిష్ పట్టిన పిండి తినే పాశ్చాత్య దేశాలలో అది ఎక్కువ. పీచు ఎక్కువగా ఉన్న ఆహారం ప్రేగుల్లో త్వరగా కదులుతుందనీ, హాని చేసే పదార్థాలు ప్రేగు గోడకు తగిలి ఉండే సమయం తగ్గుతుందనీ ఆయన 1971లో వివరించారు.

ఆ తర్వాత జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. 2000లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో, పీచు పెంచి కొవ్వు తగ్గించినా పెద్దప్రేగులోని పిలకలు నాలుగేళ్లలో తిరిగి రావడం తగ్గలేదు. కాని ఐరోపాలోని పది దేశాలలో ఐదు లక్షలమందికి పైగా జనం మీద జరిపిన పరిశీలనలో, పీచు బాగా తినేవారిలో ఈ క్యాన్సర్ ముప్పు సుమారు నాలుగో వంతు తక్కువగా కనిపించింది. ఇది 2003లో వెలువడింది. పీచు మందులా కొద్దికాలం వాడి ఫలితం చూసే వస్తువు కాదు, జీవితమంతా ఉండవలసిన అలవాటు అని మేము భావిస్తున్నాం.

మన పెద్దలు తిన్న జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం, దంపుడు బియ్యం, పప్పుకూర ఇవన్నీ పీచున్న ఆహారమే. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే మూడు పూటలా తినడం మొదలయ్యాక మన పళ్ళెంలో ఇది తగ్గిపోయింది.

మాంసం మానేయాలా?

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, సాసేజి, బేకన్, హామ్ వంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాముల నిల్వ మాంసం తింటే పెద్దప్రేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని తెలిపింది. పొగాకు కూడా అదే జాబితాలో ఉంది కనుక రెండూ సమానమని చాలామంది పొరబడ్డారు. అది నిజం కాదు. సాక్ష్యం ఎంత గట్టిదో ఆ జాబితా చెబుతుంది గాని, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. వందమందిలో ఐదుగురికి వచ్చే జబ్బు ఆరుగురికి వస్తుందనుకుంటే 18 శాతం అంటే ఏమిటో అర్థమవుతుంది.

వేటమాంసం, గొడ్డుమాంసం విషయంలో సాక్ష్యం అంత గట్టిది కాదు. వారానికి వండిన మాంసం అర కిలో దాటకుండా చూసుకుంటే చాలు. ఆదివారం నాడు కూర వండుకునే కుటుంబం భయపడనవసరం లేదు. చేపలు, గుడ్లు, పప్పులు మంచి మాంసకృత్తులు ఇస్తాయి.

బూజు పట్టిన గింజలు

మన ప్రాంతంలో ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఇక్కడే. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి తడిగా నిల్వ ఉంటే వాటిపై ఒక రకం బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని విడుదల చేస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో వర్షానికి తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లతో జబ్బుపడగా, 106 మంది చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాని కారణాన్ని పరిశోధించి 1975లో ప్రచురించారు.

ఇదే విషం కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి లోపలికి వెళితే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవారిలో ఈ ముప్పు అనేక రెట్లు. మామూలు వంట వేడికి ఈ విషం పూర్తిగా పోదు. కనుక:

– వేరుశనగ కాయలను బాగా ఎండబెట్టి, గాలి ఆడే పొడి చోట నిల్వ చేయండి.
– ముడుచుకున్న, రంగు మారిన, చేదెక్కిన పప్పులను ఏరి పారేయండి. “పారేయడం ఎందుకు, పచ్చడి చేద్దాం” అనుకోవద్దు.
– బిడ్డ పుట్టిన 24 గంటల్లో హెపటైటిస్ బి టీకా వేయించండి. మిగతా డోసులు 6, 10, 14 వారాలకు వేయించండి.

ఉప్పు, సారా, బరువు

ఉప్పు మరీ ఎక్కువగా తింటే కడుపు లోపలి పొర దెబ్బతింటుంది. ఉప్పులో ఊరిన పదార్థాలు ఎక్కువగా తినే చోట్ల కడుపు క్యాన్సర్ కూడా ఎక్కువ. రోజుకు ఒక టీస్పూను కంటే తక్కువ, అంటే 5 గ్రాములలోపు ఉప్పు చాలు. ఆవకాయ, ఉప్పుచేప రుచికి నంజుకోండి. వాటినే కూరగా చేసుకోవద్దు.

మద్యం ఏ రకమైనా ఒకటే. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, రొమ్ము క్యాన్సర్లకు అది కారణం. “కొంచెమైతే ఫరవాలేదు” అనే హద్దు క్యాన్సర్ విషయంలో లేదు. పొగాకు కూడా తోడైతే నోటికీ గొంతుకూ ముప్పు మరెన్నో రెట్లు పెరుగుతుంది.

అధిక బరువుకు పదమూడు రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని 2016లో తేలింది. ముట్లుడిగిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ వాటిలో ఉన్నాయి. మన దేశంలో పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

మాత్రలు మింగితే చాలదా?

క్యారెట్, ఆకుకూరలలోని బీటా కెరొటీన్ మంచిదని తెలిసి, ఫిన్లాండులో 29 వేలమందికి పైగా పొగతాగే పురుషులపై పరీక్ష జరిపి అందులో కొందరికి దానిని మాత్రలుగా ఇచ్చారు. 1994లో ఫలితం చూస్తే, ఆ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది! కూరలో మేలు చేసేది మాత్రలో కూడా మేలు చేస్తుందని అనుకోకూడదు.

ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల అంగిలి మీద మచ్చలు, తర్వాత క్యాన్సర్ వస్తాయి. అలాంటివారికి విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చి చూస్తే మచ్చలు తగ్గాయని హైదరాబాదు పోషకాహార సంస్థవారు 1995లో తెలిపారు. పోషకాహార లోపం ముప్పును పెంచుతుందని ఇది చూపిస్తుంది. అంతేగాని చుట్ట మానకుండా మాత్రలు మింగితే చాలునని కాదు.

జబ్బు వచ్చాక ఏం పెట్టాలి?

చక్కెర క్యాన్సర్‌ను పెంచుతుందని విని కొందరు రోగికి అన్నం, పండ్లు కూడా మాన్పిస్తారు. మన శరీరంలోని ప్రతి కణమూ చక్కెరను వాడుకుంటుంది. అన్నం మాన్పిస్తే గడ్డ ఎండిపోదు, మనిషి నీరసిస్తాడు. నీరసించినవారు కీమోథెరపీని, ఆపరేషనును తట్టుకోలేరు. డాక్టరు వద్దని చెప్పకపోతే గుడ్డు, పాలు, పెరుగు, పప్పు, బాగా ఉడికిన కూరలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. షుగరు జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పినట్లు తినాలి.

లక్ష్మణఫలం ఆకుల కషాయంతో క్యాన్సర్ నయమవుతుందనే ప్రచారానికి మనుషులలో రుజువు లేదు. అమెరికాలో 2018లో వెలువడిన ఒక పరిశీలనలో, నయం కాగల క్యాన్సర్ ఉండి కూడా వైద్యం వదిలి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్నవారిలో మరణాల ముప్పు రెండున్నర రెట్లు ఉన్నట్లు తేలింది.

ఇక మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది: మీ అమ్మగారు ఏం తిన్నారో, మీరు ఏం పెట్టారో వెదికి ఒకరినొకరు నిందించుకోవద్దు. ఒక మనిషికి వచ్చిన క్యాన్సర్‌కు ఫలానా తిండే కారణమని చాలాసార్లు ఏ డాక్టరూ చెప్పలేడు. ఆమెకు వైద్యం చేయించండి, మిగతా ఇంటివారి అలవాట్లు మార్చండి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

ఎంత మంచి తిండి తిన్నా ఈ గుర్తులు కనిపిస్తే పరీక్ష చేయించుకోవాలి:

1. మూడు వారాలకూ మానని నోటిపుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ
2. రొమ్ములో గాని మరెక్కడైనా గాని గడ్డ
3. ముట్లుడిగిన తర్వాత, లేదా భార్యాభర్తల కలయిక తర్వాత రక్తస్రావం
4. మలంలో రక్తం, విరేచనపు అలవాటులో మార్పు
5. మింగడం కష్టం కావడం, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు
6. కారణం లేకుండా బరువు తగ్గడం

మలంలో రక్తం కనబడితే మొలలే అనుకుని పథ్యం చేస్తూ నెలలు గడపవద్దు. ముప్పై ఏళ్లు దాటినవారు గుర్తులేవీ లేకపోయినా నోటి పరీక్ష, స్త్రీలైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిది. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, దగ్గరి ఆరోగ్య కేంద్రాన్ని గాని అడగండి.