విద్యార్థి ప్రాజెక్టులు – అంతర్జాల సాధనాలు

ప్రాజెక్టు అనగానే మన విద్యార్థులకు స్ఫురించేది అట్టముక్కలు, రంగు కాగితాలు, జిగురు. శ్రమపడి తయారుచేసిన ఆ పుస్తకం మార్కులు పడిన మరునాడే బీరువా చేరుతుంది. దాన్ని ఉపాధ్యాయుడు తప్ప అన్యులెవ్వరూ చదవరు. పాఠకుడు లేని రచనలో తప్పు దొర్లినా అడిగేవారుండరు. అంతర్జాల సాధనాల వలన ఈ లోటు ఎంతవరకు తీరుతుందో మా తరగతి అనుభవంతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైంది. ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో మొదలైంది. రెండు భాషలూ నడయాడే మన కళాశాలకు ఈ రెండూ చేరువైనవే. ఛాయాచిత్రాలను, ధ్వనిముద్రణలను భద్రపరిచే వికీమీడియా కామన్స్ కూడా 2004లోనే వెలసింది. వీటికి రుసుము లేదు. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు గత దశకంలోనే తెలుగు వికీ ప్రాజెక్టులలో పాల్గొన్నారు. కనుక ఇది మన ప్రాంతానికి కొత్త ప్రయోగమేమీ కాదు.

మేము ఎన్నుకొన్న విషయం మైపాడు తీరంలోని వలలు, తెప్పలు. ఆరుగురు విద్యార్థులు ఒక జట్టు. ముందుగా వారు వికీపీడియాలోని 'ప్రయోగశాల' పుటలో వ్రాయడం అభ్యసించారు. ప్రతి పుటకూ 'చరిత్ర' అనే విభాగం ఉంటుంది. ఎవరు, ఏనాడు, ఏ వాక్యాన్ని మార్చారో అందులో నమోదవుతుంది. ఒకరు వ్రాయగా ఐదుగురు సంతకాలు చేసే పాత పద్ధతి ఇక్కడ సాగదు. 'చర్చ' పుటలో పరిచయం లేని సభ్యులు సైతం ప్రశ్నలు వేస్తారు. వారికి మర్యాదగా, సాధారంగా బదులివ్వడమే ఒక పాఠం.

మొదటి వారంలోనే మాకు ఎదురుదెబ్బ తగిలింది. ఒక విద్యార్థి అచ్చు పుస్తకం నుండి రెండు పేరాలు యథాతథంగా ఎక్కించాడు. మరునాటికి వాటిని ఒక సభ్యుడు తొలగించాడు. కుర్రవాడు చిన్నబుచ్చుకొన్నాడు. ఆలోచిస్తే ఆ తప్పులో మాకూ భాగముంది. నోట్సును ఎత్తి వ్రాయడమే చదువు అని అంతవరకు నేర్పినది మేమే కదా! చదివినదాన్ని స్వంత మాటలలో చెప్పి, ఆధారాన్ని పేర్కొనడం ఆ రోజు నుండి తరగతిలో నియమమైంది.

రెండవ చిక్కు మరింత లోతైనది. మరొక విద్యార్థి తండ్రి అలివి వల లాగడంలో పండిన చేయి. ఒడ్డున ఎందరు నిలవాలి, తాడు ఎవరు పట్టాలి అన్నవన్నీ ఆయన చెప్పగా కుమారుడు వ్రాసుకొన్నాడు. కాని ప్రచురితమైన ఆధారం లేని విషయాన్ని వికీపీడియా స్వీకరించదు. "మా నాయనకు తెలిసింది అబద్ధమా సార్?" అని ఆ అబ్బాయి అడిగాడు. కాదు. విజ్ఞాన సర్వస్వం ఇదివరకే అచ్చయినదాన్ని సంగ్రహిస్తుంది. కొత్త విషయాన్ని సేకరించి ముందుగా ప్రకటించవలసిన చోటు వేరు. ఈ రెండింటి భేదం తెలియడమే పరిశోధనకు తొలి మెట్టు. ఆ సమాచారాన్ని చెప్పినవారి అనుమతితో, సేకరించిన తేదీతో ప్రత్యేక పుస్తకంగా కూర్చాము.

మూడవది ఛాయాచిత్రాల సంగతి. కామన్స్‌లో చేర్చిన చిత్రాన్ని, దాని లైసెన్సు షరతులను పాటించి, లోకంలో ఎవరైనా వాడుకోవచ్చు. వ్యాపారానికైనా సరే. మా విద్యార్థులు చేపలు ఎండబెడుతున్న ఒక వృద్ధురాలిని చిత్రించారు. "ఈ బొమ్మ యాడికి పోద్ది అబ్బయా?" అని ఆమె అడిగింది. ఎవరివద్దా జవాబు లేదు. ఆ చిత్రాన్ని మేము చేర్చలేదు. మరుసటి వారం తిరిగి వెళ్లి, విషయమంతా ఆమెకు విప్పి చెప్పి, ఆమె సమ్మతించిన మేరకు వలను, చేతులను మాత్రమే చిత్రించాము.

భాష విషయంలోనూ లాభం కలిగింది. ఇంట ఉర్దూ మాట్లాడే విద్యార్థులు వలను 'జాల్' అన్నారు. కాని అలివి వలకు, విసురు వలకు వేర్వేరు ఉర్దూ పేర్లు వారికి దొరకలేదు. తెలుగు పేరునే ఉర్దూ లిపిలో వ్రాసి, పక్కన వివరణ చేర్చారు. యంత్రానువాదాన్ని ప్రయత్నించిన జట్టుకు ఈ సూక్ష్మం అందలేదు. పనిముట్టు పేరు తీరంలోనే దొరుకుతుంది గాని తెరమీద దొరకదు.

కళాశాల సంఘం వారికి మా విన్నపాలు రెండు. కంప్యూటరు గదిని వారానికి రెండు గంటలు భాషా విభాగాలకు కేటాయించాలి. చేతి ఫోను లేని విద్యార్థి వెనుకబడకుండా ఉండాలంటే ఇది అవసరం. రెండవది, విద్యార్థులు సేకరించిన పదాలను ఏటేటా ఈ సంచికలో ప్రచురించాలి. ఆ తండ్రి మాట అచ్చులో నిలవడానికి తొలి అడుగు మన చేతిలోనే ఉన్నది.

సాధనం ఎంత కొత్తదైనా అడగడం, వినడం, సరిచూడడం పాత విద్యలే. వాటిని అలవరచుకొన్న విద్యార్థికి అంతర్జాలం మంచి తెప్ప. అలవరచుకోనివానికి అది కేవలం అల.