గుండె దడ అంతా గుండె జబ్బేనా?
ఆందోళన జబ్బును తెలుసుకుందాం, నయం చేసుకుందాం



రాత్రి పదకొండు గంటలు. ఇంట్లో అందరూ పడుకున్నారు. ముప్పై అయిదేళ్ల ఇల్లాలు ఉన్నట్టుండి లేచి కూర్చుంటుంది. గుండె దడదడ కొట్టుకుంటోంది. ఊపిరి ఆడడం లేదు. చేతులు తిమ్మిరెక్కాయి, ఒళ్లంతా చెమటలు. "నాకేదో అయిపోతోంది, పిల్లలు జాగ్రత్త" అంటుంది. భర్త ఆటో పిలిపించి పక్క టౌనుకు తీసుకుపోతాడు. అక్కడ ఇ.సి.జి. తీసి, "ఏమీ లేదమ్మా, గ్యాసు" అని సూది వేసి పంపుతారు. పది రోజులకు మళ్లీ అదే. ఈసారి పెద్ద ఆసుపత్రి, స్కానింగు, రక్త పరీక్షలు. అక్కడా "ఏమీ లేదు" అనే మాటే. మూడోసారికి ఇంట్లోవాళ్లు "ఏమీ లేకపోతే ఎందుకిట్లా చేస్తావు?" అని విసుక్కుంటారు. ఎవరో గాలి సోకిందంటారు, అంత్రం కట్టిస్తారు. చివరికి పరీక్షలకు చేసిన అప్పు మిగులుతుంది, జబ్బూ మిగులుతుంది.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలా ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారు చాలామంది ఉన్నారు. మీ వీధిలోనూ ఉండవచ్చు, అది మీరే కావచ్చు. "ఏమీ లేదు" అన్న మాట సగమే నిజం. గుండెలో ఏమీ లేదు, కానీ జబ్బు ఉంది. ఆమె నటించడం లేదు. ఆ జబ్బు పేరు ఆందోళన జబ్బు. దానికి చికిత్స ఉంది.

భయం ఎప్పుడు జబ్బవుతుంది?

భయం దేవుడు మనకిచ్చిన రక్షణ. చేనికి పోయే దారిలో పాము కనిపిస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది, కాళ్లకు రక్తం పారుతుంది, మనం వెనక్కు దూకుతాం. మెదడు పంపిన హెచ్చరికకు శరీరంలో అడ్రినలిన్ అనే రసాయనం విడుదల కావడం వల్ల ఇదంతా క్షణాల్లో జరుగుతుంది.

ఇంటి కుక్క దొంగ వస్తే మొరగాలి. అదే కుక్క ఆకు కదిలినా రాత్రంతా మొరుగుతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆందోళన జబ్బులో జరిగేది ఇదే. ప్రమాదం లేకపోయినా మెదడు హెచ్చరిక పంపుతూనే ఉంటుంది.

మీకు మీరే ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. నా భయం ఉన్న కారణానికి మించి ఉందా?
2. అది వారాలు, నెలల తరబడి తగ్గకుండా ఉందా?
3. దానివల్ల పని, నిద్ర, తిండి, ప్రయాణం, నలుగురిలో కలవడం దెబ్బతిన్నాయా?

మూడింటికీ అవునని జవాబు వస్తే డాక్టరును కలవాలి. సిగ్గుపడవలసిన పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచంలో 35.9 కోట్ల మందికి ఆందోళన జబ్బు ఉంది. వారిలో చికిత్స అందుతున్నది నలుగురిలో ఒకరికే. మన దేశంలో 2017 నాటికే సుమారు 4.5 కోట్ల మంది దీనితో బాధపడుతున్నట్లు అంచనా వేశారు. మగవారికంటే ఆడవారిలో ఇది ఎక్కువ.

ఇందులో ముఖ్యమైన రకాలు

ఎడతెగని ఆందోళన: పిల్లల చదువు, ఆరోగ్యం, డబ్బు, ఏదో ఒకదాని గురించి దాదాపు ప్రతిరోజూ, ఆరు నెలలు లేక అంతకంటే ఎక్కువ కాలం గుబులు. మెడ, భుజాలు పట్టేయడం, అలసట, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి.

పానిక్ ఎటాక్: పైన చెప్పిన ఇల్లాలికి వచ్చింది ఇదే. హఠాత్తుగా వచ్చి పది నిమిషాల్లోపే తారాస్థాయికి చేరుతుంది. సాధారణంగా అరగంటలోపు దానంతట అదే తగ్గుతుంది. చచ్చిపోతానేమో, పిచ్చెక్కుతుందేమో అనిపిస్తుంది. కానీ పానిక్ ఎటాక్ వల్ల ప్రాణం పోదు, పిచ్చి పట్టదు. ఇది పదే పదే వస్తూ, మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న భయంతోనే బతికే స్థితిని పానిక్ జబ్బు అంటారు.

నలుగురిలో భయం: అందరూ తననే చూస్తున్నారని, తప్పు పడతారని బెదిరి పెళ్లిళ్లకు, మీటింగులకు, ఇంటర్వ్యూలకు పోకపోవడం.

ప్రత్యేక భయాలు: ఎత్తు, చీకటి, సూది, లిఫ్టు, బస్సు వంటివాటికి మితిమీరి భయపడడం.

పిల్లల్లో ఇది కడుపునొప్పి, తలనొప్పి రూపంలో వస్తుంది. సోమవారం పొద్దున్నే నొప్పి వచ్చి ఆదివారం లేకపోతే పిల్లవాడిని కొట్టకండి. బడిలో దేనికి భయపడుతున్నాడో అడగండి.

మన ప్రాంతంలో భయాలకు కారణం లేదా?

ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు ఎందరో మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట దగ్గరి పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ల మీదికి వరద వచ్చింది. అలాంటిది చూసినవారికి మబ్బు పట్టినా, రాత్రిపూట వాన చప్పుడు విన్నా ఒళ్లు వణకడం సహజం. చాలామందికి కొన్ని వారాల్లో అది తగ్గుతుంది. నెల దాటినా అదే దృశ్యం కళ్ల ముందు తిరుగుతుంటే, పీడకలలు వస్తుంటే, ఆ చోటికి పోలేకపోతుంటే దానికి ప్రత్యేక చికిత్స అవసరం. ఎన్నేళ్ల తర్వాతైనా ఆ చికిత్స చేయించుకోవచ్చు.

వరద ఏనాటికో ఒకసారి వస్తుంది. కరువు మాత్రం మనల్ని విడవదు. వాన రాదు, బోరులో నీళ్లు పడవు, వేరుశనగకు పెట్టిన పెట్టుబడి తిరిగి రాదు. "మా బాధ నిజమైనదే కదా, మాత్ర వేసుకుంటే అప్పు తీరుతుందా?" అని మీరు అడగవచ్చు. తీరదు. మీ కష్టం జబ్బు కాదు. కానీ ఆ కష్టంతో మూడు నెలలు నిద్ర లేక, తిండి సయించక, బ్యాంకుకు వెళ్లి మాట్లాడే ధైర్యం కూడా పోతే, అప్పుడు కష్టం మీద జబ్బు వచ్చి చేరినట్టు. చికిత్స అప్పు తీర్చదు, కానీ అప్పు సంగతి చూసుకునే మనిషిని నిలబెడుతుంది.

ముందు శరీరాన్ని పరీక్షించాలి

మొదటిసారి ఛాతీనొప్పి, దడ వస్తే అది ఆందోళనేనని మీరే నిర్ణయించుకోకండి. ముఖ్యంగా నలభై దాటినవారు, షుగరు, బి.పి. ఉన్నవారు, బీడీ, సిగరెట్టు తాగేవారు వెంటనే ఆసుపత్రికి రావాలి. నొప్పి ఎడమచేతికి, దవడకు పాకినా, స్పృహ తప్పినా 108కి ఫోను చేయండి.

థైరాయిడ్ ఎక్కువ కావడం, రక్తహీనత, ఉబ్బసం, గుండె లయ తప్పడం, షుగరు పడిపోవడం, కొన్ని మందులు, సారా మానేసిన మొదటి రోజులు కూడా దడ పుట్టిస్తాయి. డాక్టరు వీటిని ఒకసారి సరిగ్గా చూసి, ఏవీ లేవని చెబితే నమ్మండి. అవే పరీక్షలు నెలనెలా చేయించుకుంటే ధైర్యం రెండు రోజులే ఉంటుంది, తర్వాత అనుమానం ఇంకా పెరుగుతుంది. ఆ డబ్బు అసలు చికిత్సకు ఉంచుకోండి.

చికిత్స: మాట, మెట్టు, మాత్ర

మాట: కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిలో శిక్షణ పొందిన కౌన్సెలరు లేక సైకాలజిస్టు మీతో కొన్ని వారాలు వరుసగా మాట్లాడతారు. "దడ వచ్చిందంటే గుండె ఆగిపోతుంది" వంటి ఆలోచన ఎంతవరకు నిజమో మీతోనే పరీక్షింపజేస్తారు. ఇది ఊరికే ధైర్యం చెప్పడం కాదు, బాగా నిరూపణ అయిన వైద్యం.

మెట్టు: భయపడిన చోటు నుంచి తప్పించుకుంటే అప్పటికి హాయిగా ఉంటుంది. అందుకే మెదడు "తప్పించుకున్నాను కాబట్టే బతికాను" అని నేర్చుకుంటుంది. మొదట బస్సు మానేస్తాం, తర్వాత సంత, తర్వాత గడప దాటడమే మానేస్తాం. దీనికి విరుగుడు ఒక్కో మెట్టూ ఎక్కడం. బస్సంటే భయం ఉన్న ఒక ఆళ్లగడ్డ మనిషి ఇలా చేయవచ్చు:

1. బస్టాండులో అరగంట కూర్చోవడం.
2. ఆగి ఉన్న బస్సెక్కి కూర్చుని దిగడం.
3. తోడుతో ఒక స్టాపు వరకు ప్రయాణం.
4. తోడుతో నంద్యాల దాకా.
5. ఒంటరిగా నంద్యాల దాకా.
6. ఒంటరిగా కర్నూలు దాకా.

ఒక్కో మెట్టు మీద భయం సగమైనా తగ్గేవరకు నిలబడాలి. తగ్గకముందే దిగిపోకూడదు. అదే మెట్టు నాలుగైదుసార్లు చేశాక పై మెట్టుకు పోవాలి. వరదలాంటి పెద్ద దెబ్బ తిన్నవారు దీన్ని తమంతట తాము కాకుండా నిపుణుల దగ్గరే చేయాలి.

మాత్ర: సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు డాక్టర్లు ఎక్కువగా రాస్తారు. ఇవి మత్తు మందులు కావు, వీటికి అలవాటు పడిపోరు. కానీ తలనొప్పి మాత్రలాగా గంటలో పని చేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కాస్త గాభరా ఎక్కువ కావచ్చు. చాలామంది అక్కడే మానేసి "ఈ మందు పడలేదు" అంటారు. ఓపిక పట్టండి, డాక్టరుతో చెప్పండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి. గర్భిణులు, బాలింతలు ముందే ఆ సంగతి చెప్పాలి.

ఒక హెచ్చరిక

ఆల్ప్రజోలామ్, డయజిపామ్, లోరాజెపామ్ వంటి మాత్రలు అరగంట, గంటలో హాయినిస్తాయి. ప్రమాదం కూడా అక్కడే ఉంది. కొద్ది వారాలు మించి వాడితే శరీరం వాటికి అలవాటు పడుతుంది, మోతాదు పెంచాలనిపిస్తుంది. హఠాత్తుగా మానితే ఫిట్సు కూడా రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. పాత చీటీ చూపించి, లేక పక్కింటివారికి పని చేసిందని, మెడికల్ షాపులో ఇవి కొనవద్దు. ఇప్పటికే ఏళ్ల తరబడి వాడుతుంటే ఈరోజే ఆపకండి, డాక్టరు దగ్గరికి రండి. మెల్లగా తగ్గిస్తారు.

దడ వచ్చినప్పుడు ఏం చేయాలి?

• ఉన్నచోటే కూర్చోండి. పరుగెత్తకండి.
• "ఇది నాకు తెలిసిన దడే, కాసేపట్లో పోతుంది" అని మనసులో చెప్పుకోండి.
• నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నిదానంగా వదలండి. అయిదు నిమిషాలు చేయండి. వేగంగా ఎగశ్వాస తీయడం వల్లే చేతులు తిమ్మిరెక్కుతాయి.
• చుట్టూ కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పుకోండి.

రోజూ చేయవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. అరగంట నడవండి. నిద్రకు ఒకే వేళ పెట్టుకోండి. టీ, కాఫీ తగ్గించండి. సారాతో ధైర్యం తెచ్చుకోకండి, మర్నాడు దడ రెట్టింపవుతుంది. సాయంత్రం పావుగంట కూర్చుని దిగుళ్లన్నీ కాగితం మీద రాసి రెండు భాగాలు చేయండి. "రేపు బ్యాంకుకు వెళ్లి అడగాలి" అనేది మన చేతిలో ఉన్న పని. "వాన వస్తుందా?" అనేది మన చేతిలో లేనిది. మొదటిదానికి వేళ నిర్ణయించుకోండి. రెండోదాన్ని కాగితంతోపాటు మడిచి పక్కన పెట్టండి.

ఇంటివారికి ఒక మాట

"నీకేం తక్కువ?", "అంతా నీ మనసులోనే" అనకండి. అలాగని ప్రతి పనీ మీరే చేసిపెట్టి, ప్రతి చోటుకూ తోడుపోతూ ఉంటే భయం బలపడుతుంది. "భయంగా ఉందని నాకు తెలుసు, ఒక మెట్టు ఎక్కుదాం, నేను పక్కనుంటాను" అనండి. కోడలికి దడ వస్తే పని తప్పించుకోవడానికే అనుకునే అత్తగార్లు, ఈ పేజీని ఇంకోసారి చదివించుకోండి.

ప్రార్థన చాలదా?

ఏలీయా గొప్ప ప్రవక్త. యెజెబెలు బెదిరించినప్పుడు ఆయన ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనకు విశ్వాసం తక్కువైందని మందలించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ తర్వాతే ప్రయాణం. శరీరానికి కావలసినది ఇవ్వడం దేవుని పనిలో భాగమే.

కాబట్టి ప్రార్థన చేయండి. మీ ఆచారం ప్రకారం గుడికి, దర్గాకు వెళ్లండి. మనసుకు బలం కలుగుతుంది. కానీ ఉపవాసమని, మొక్కుబడి అని మాత్ర మానకండి. భూతవైద్యం పేరిట కొట్టడం, వాతలు పెట్టడం ఎవరు చేసినా అడ్డుకోండి.

ఎక్కడికి వెళ్లాలి?

మా ఆసుపత్రి ఓ.పి.లో ముందు మామూలు డాక్టరుకే చెప్పండి. అవసరమైతే మానసిక వైద్యునికి పంపుతారు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ప్రయాణం కుదరనివారు 14416కు ఫోను చేయవచ్చు. ఇది 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ. పగలు రాత్రి, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యులది.

"బతికి లాభం లేదు" అన్న మాట ఎవరి నోటైనా వస్తే తేలిగ్గా తీసుకోకండి. వారిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా ఇంట్లోనుంచి తీసేసి తాళం వేయండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

మళ్లీ గుర్తు చేసుకుందాం: అవునా, కాదా?

పానిక్ ఎటాక్‌తో గుండె ఆగిపోతుంది. కాదు.
భయపడే చోటుకు పోకుండా ఉంటే భయం తగ్గుతుంది. కాదు, పెరుగుతుంది.
బాగైన వెంటనే మాత్రలు ఆపేయవచ్చు. కాదు.
చికిత్సతో చాలామంది మళ్లీ మామూలుగా పనిచేసుకుంటారు. అవును.

చదివాక ఈ పుస్తకాన్ని దాచిపెట్టకండి. రాత్రిపూట దడతో లేచి కూర్చునే మనిషి మీకు తెలిసి ఉంటే, వారికి ఇచ్చి రండి. చదవడం రానివారైతే పక్కన కూర్చుని చదివి వినిపించండి. దేవుడు మీ ఇంటికి నెమ్మది దయచేయును గాక.