మీ ఫొటోలకు మూడు ప్రతులు ఉన్నాయా?

ఫిల్మ్ రోజుల్లో ఫొటో పోయినా నెగెటివ్ మిగిలేది. డిజిటల్ ఫొటోకు ఆ రెండో ప్రతిని మనమే తయారుచేసుకోవాలి.

ముందు ఫొటోలను సర్దుకుందాం. ఫోల్డర్ పేరులో ఏడాది, నెల, రోజు ఇదే వరుసలో రాయండి: '2024-01-15 సంక్రాంతి'. అప్పుడు కంప్యూటర్ పేర్లను వరుసలో పెడితే చాలు, ఫొటోలు కాలక్రమంలో కనిపిస్తాయి.

ఇక భద్రత. హార్డ్ డిస్క్‌లో ఫొటో అంటే తిరిగే పళ్లెం మీది అయస్కాంత గుర్తులు. కదిలే భాగాలు ఏదో ఒకరోజు మొరాయిస్తాయి. పెన్‌డ్రైవ్‌లో అయితే సూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుదావేశం. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే అది మెల్లగా తగ్గి, ఫొటోలు చెడిపోవచ్చు.

అందుకే ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన '3-2-1' సూత్రం పాటించాలి. మొత్తం 3 ప్రతులు, 2 రకాల సాధనాల్లో, 1 ఇంటికి దూరంగా. ఉదాహరణకు కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో మరొకటి. అదే డిస్క్‌లోని మరో ఫోల్డర్ లెక్కలోకి రాదు. డిస్క్ పోతే రెండూ పోతాయి. సింక్‌ను ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఒకచోట చెరిపిన ఫొటో మిగతాచోట్లా చెరిగిపోవచ్చు. విడి డిస్క్‌ను పని కాగానే తీసేయండి. అప్పుడు కంప్యూటర్‌లోకి వైరస్ వచ్చినా దాన్ని తాకలేదు.

ఏడాదికోసారైనా ప్రతి బ్యాకప్‌లోంచీ కొన్ని ఫొటోలు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.